అమ్మకు నచ్చాలి

"కాలరు బిగుతుగా ఉందట. అమ్మ అంది."

తాన్ దషెంగ్ ఫ్యాక్టరీలోకి వస్తూనే అన్న మాట ఇది. చేతిలో గాడిద మాంసం కూరిన రొట్టె, పెదవుల మీద నూనె. డిజైనర్ యాన్ మిన్ కాలరు విప్పడం మొదలుపెట్టింది.

ఛింగ్‌హ ఊళ్లో తాన్ గారి స్వెటర్ల ఫ్యాక్టరీకి డిజైనర్లు ఎందరో వచ్చారు, వెళ్లారు. మారనిది అమ్మ మాట ఒక్కటే. ఆవిడకు నచ్చందే ఒక్క స్వెటరూ మిషనెక్కదు. ఫ్యాక్టరీ మొదలైంది ఆవిడ రెక్కల కష్టంతోనే కాబట్టి ఆవిడ అభిరుచికి తిరుగులేదు. ఇప్పుడావిడ ఫ్యాక్టరీ గడప తొక్కదు, ఫోనూ ఎత్తదు. ఏం చెప్పినా కొడుకుతోనే చెబుతుంది. ఆయన పొద్దున్నే ఆ తీర్పు మోసుకొచ్చి డిజైన్ గదిలో దించుతాడు.

యాన్ మిన్ ఆవిడతో ఒక్కసారీ మాట్లాడలేదు. అయినా ఆవిడ చేతిలో ఆమె డిజైన్లు ఎన్ని చచ్చాయో లెక్కలేదు.

ఈసారి సంగతి వేరు. వచ్చే చలికాలపు కలెక్షన్ మీద మొదటిసారిగా ఆమె పేరు వేస్తామన్నారు. ప్రతి స్వెటరు మెడ దగ్గరా లేబుల్. పైన 'నూటికి నూరుపాళ్లు మేక ఉన్ని'. కింద 'డిజైన్: యాన్ మిన్'.

ఆ కింది వరుస కోసం ఆమె వేసవంతా ప్రాణం పెట్టి పనిచేసింది. గోడ నిండా ఫొటోలు అంటించింది. గడ్డకట్టిన కాలువ, పాత ఇటుక గోడ, ఎవరిదో ముడతలుపడ్డ చెయ్యి. వాటిలోంచి రంగులు ఏరింది. అరచేతంత ముక్కలు అల్లించి, ఉతికించి, అల్లిక వదులైందని పారేసి, మళ్లీ అల్లించింది. చివరికి పొగమంచులాంటి బూడిద రంగు కుదిరింది.

"బూడిద రంగేమిటి? అమ్మకు రేగుపండు ఎరుపు ఇష్టం," అన్నాడు తాన్.

"నాకూ అదే అనిపించింది సార్," అన్నాడు మేనేజర్ పాంగ్.

"నిన్న అద్భుతం అన్నారుగా?" అంది యాన్ మిన్.

"నిన్నటికింకా అమ్మగారి అభిప్రాయం రాలేదు కదమ్మా."

బూడిద రంగు పోయి ఎరుపు వచ్చింది. అమ్మకు చేతులు చల్లబడుతున్నాయంటే జేబులు పెద్దవయ్యాయి. మణికట్టు దాకా చాలదంటే చేతులు పొడవయ్యాయి. చెప్పుకోవడానికి సిగ్గే గానీ, ఇవన్నీ చేశాక స్వెటర్లు మునుపటికంటే బాగున్నాయి. యాన్ మిన్‌కు ఏడుపొచ్చింది, ఆనందమూ కలిగింది.

అంతలో అసలు సరుకు అల్లడానికి దారం పెట్టెలు దిగాయి. ఆమె ఒక పోగు లాగి లైటరు వెలిగించింది. మేక ఉన్ని అయితే కాలిన వెంట్రుకల వాసన వేసి పొడి అవుతుంది. ఛింగ్‌హలో బడిపిల్లలకు కూడా తెలుసు ఈ పరీక్ష. ఈ పోగు మాత్రం గుప్పున ప్లాస్టిక్ కంపు కొట్టి, కరిగి, నల్లటి పూసలా గట్టిపడింది.

ఆమె పరుగున తాన్ గదికి వెళ్లింది.

"సార్, ఇందులో సగానికి సగం అక్రిలిక్! లేబుల్ మీద నా పేరుంటుంది!"

"ఇంకా కుట్టలేదుగా, అరవకు. పట్టుకుంటే తేడా తెలుస్తుందా?"

"కాలిస్తే తెలుస్తుంది."

తాన్ పగలబడి నవ్వాడు. "పిచ్చిపిల్లా! కొనేవాళ్లు తడుముతారు, లాగుతారు, చెంపకు రాసుకుంటారు. ఇంత మంచి స్వెటరుకు నిప్పు ఎవడు పెడతాడమ్మా?"

చైనా పంచాంగంలో పదో నెల మొదటి రోజు దగ్గరపడుతోంది. ఆ రోజున పెద్దవాళ్లకు చలిబట్టలు పంపడం అక్కడి రివాజు. ఊళ్లో తక్కినవాళ్లు అంగట్లో దొరికే చవకరకంతో సరిపెడతారు. తాన్ మాత్రం ఏటా కొత్త కలెక్షన్‌లోంచే పంపుతాడు. ఆ గొప్ప ఏడాదంతా చెప్పుకుంటాడు.

"మరి అమ్మగారికి పంపేవి?" అని అడిగింది యాన్ మిన్.

తాన్ చెయ్యి విదిలించాడు. "అవీ ఇందులోవే. అసలు ఉన్ని ధర చూశావా? ఆవిడకేం తెలుస్తుందిలే."

యాన్ మిన్ లైటరు జేబులో వేసుకుంది. చాలా వినయంగా అంది.

"అయితే సార్, ఈసారి టోకున కొనేవాళ్లను కూడా పిలుద్దాం. ఒప్పందం సంతకాలు, లేబుళ్లు మర్నాడు పెట్టుకుందాం. మీరు మీ చేత్తో అమ్మగారికి మొదటి స్వెటర్లు పంపడం వాళ్లు కళ్లారా చూడాలి. తల్లి మీద ఇంత భక్తి ఉన్నవాడు మోసం చేస్తాడా అనుకుంటారు."

తాన్ కళ్లు చెమర్చాయి. "శభాష్ అమ్మాయ్! నీకు డిజైన్ కంటే ఇదే బాగా వచ్చు."

"నాకూ అదే అనిపించింది సార్," అన్నాడు పాంగ్.

స్వెటర్లు తయారయ్యాక యాన్ మిన్ తనే మడతపెట్టి, నూగు దువ్వి, పెట్టెలో సర్దింది. లేబుళ్లు మాత్రం తన సొరుగులో పెట్టి తాళం వేసుకుంది.

పదో నెల మొదటి రోజు సాయంత్రం, గాలి కొనేవాళ్ల వైపే వీస్తుండగా, తాన్ దషెంగ్ నాలుగు రోడ్ల కూడలిలో సుద్దముక్కతో గుండ్రంగా గీత గీసి, స్వెటర్లన్నీ అందులో పేర్చి, "అమ్మా, చలేస్తోందన్నావుగా, తీసుకో" అని చనిపోయి పదేళ్లయినా రోజూ తన కలలోకి వచ్చి తీర్పులు చెప్పే తల్లిని పిలిచి, పోయినవాళ్లకు బట్టలు కాల్చి పంపే ఆచారం ప్రకారం తన చేత్తోనే అగ్గిపుల్ల గీసి వాటికి అంటించాడు.