రెండంగుళాలు

"రెండంగుళాలు టైట్ చెయ్యన్నా," అంటూ ఎస్తేరు తన జాకెట్టు టైలర్ ముందు పెట్టింది.

కుసుమకుమారి సంచిలో చెయ్యి పెట్టి మళ్లీ తీసేసింది. తన జాకెట్టు రెండంగుళాలు లూజు చేయించాలి. దిల్‌సుఖ్‌నగర్ దాకా పక్కింటి ఎస్తేరుని తోడు తెచ్చుకున్నందుకు తనని తనే తిట్టుకుంది.

"ఏం డైట్ చేశావో చెప్పవు కదా! నేనైతే కీటో అని వెన్న, పనీరు తిన్నాను. మూడు కిలోలు తగ్గాను, జుట్టంతా ఊడింది. కొర్రలు ఒంటికి మంచివే, కానీ రెండోసారి వడ్డించుకోకుండా లేవలేను. పదహారు గంటల ఉపవాసానికి ఖర్చు లేదు గానీ, పదో గంటకి మా ఆయన్ని కరిచేస్తాను. నువ్వేమో నెల తిరక్కుండా చీపురుపుల్లవయ్యావు."

"డైట్ ఏం లేదక్కా. ఈస్టర్ ముంగట నలభై దినాలు ఉపవాస ప్రార్థన. ఒక్క పూటే తింటున్న."

"మీ చర్చిలో అందరూ ఇలాగే తగ్గారా?"

"అందరుండరు. ఎవరికోసమన్న ప్రార్థన పెట్టుకున్నోళ్లే ఉంటరు."

"నువ్వెవరికోసం?"

ఎస్తేరు ఆమె మోకాలి వైపు చూసింది.

"నీకోసమే. బరువు తగ్గకుంటే మోకాలు ఆపరేషనే అని డాక్టర్లన్నరంటివి గదా. నువ్వు తగ్గాలని ఉపవాసముంటే, నేను తగ్గుతున్న."

కుసుమకుమారి సంచిలోంచి తన జాకెట్టు తీసి, ఎస్తేరు జాకెట్టు పక్కన పరిచింది. "ఇది లూజు చెయ్యి బాబూ."

తర్వాత ఎస్తేరు వైపు తిరిగింది.

"ఇంకెన్ని రోజులుంది?"

"పన్నెండు."

"ఆ పన్నెండు రోజులూ ఉపవాసం నేనుంటాను. రేపు మధ్యాహ్నం మా ఇంట్లో తిను. నువ్వింకా తగ్గితే నేను చూడలేను."