ఏటిగట్టు కింద బుంగ

“ఆ బస్తా వెయ్యకండి.”

గంగాధర్ తలెత్తి చూశాడు. ఏటిగట్టు వాలు మీద నుంచి ముప్పై ఏళ్ల ఆవిడ జారుతూ దిగివస్తోంది. చీర మోకాళ్ల దాకా తడిసి ఉంది. ఎవరో ఆయన ఎరగడు. కనుక్కునే తీరికా లేదు. గట్టుకి అవతల వరద గోదావరి రెండు నిలువుల ఎత్తున నిలబడి ఉంది. ఇవతల గట్టు మొదట్లో, ఆయన వరిచేను అంచున, బిందె మూతంత బుంగ పడి మట్టినీళ్లు బుడబుడమంటూ పైకి తన్నుతున్నాయి. అది పెద్దదైతే గండే. గండి పడితే చేలూ తోటలూ సరే, వాటి వెనకాల నాలుగొందల గడప ఊరుంది.

తెల్లారిన దగ్గర్నుంచి ముప్పై ఇసుక బస్తాలు ఆ బుంగ మీద పడేశారు. ఒకచోట నొక్కితే నీరు ఇంకోచోట లేస్తోంది. ఇప్పుడు రెండు గజాల అవతల కొత్తగా మరో బుంగ.

“ఎందుకెయ్యద్దండీ?” అన్నాడు గంగాధర్ కొడుకు వీరేంద్ర, భుజం మీది బస్తా దించకుండానే.

“కుళాయికి బొటనవేలు అడ్డం పెడితే ఏమవుద్దండీ? పక్కనించి ఇంకా జోరుగా చిమ్ముద్ది. ఇదీ అంతే. పైన మూసేస్తే నీరు గట్టు లోపలి మట్టిని తినేసి ఇంకో దారి చూసుకుంటుంది.”

“ఇంతకీ మీరెవరండీ?”

“సైన్సు టీచర్నండి. లక్ష్మీతులసి అంటారు.”

“ఇది పాఠాలు చెప్పే టైమాండీ? ఇంజనీరు గారికి కబురెళ్లింది. ఆయనొచ్చి చూస్తారు.”

“రోడ్డు మునిగిందంటున్నారండి. ఆయనొచ్చేదాకా ఇది ఆగదు.” ఆమె వీరేంద్రని వదిలేసి గంగాధర్ వైపు తిరిగింది. “బుంగని మూయద్దు బాబుగారూ. దాని చుట్టూ బస్తాలతో నుయ్యి కట్టించండి. నీటిని అందులో లేవనివ్వండి.”

“లేవనిస్తే ఆగుద్దా అమ్మా?”

“అవతల నీరు ఎత్తుగా ఉంది కాబట్టి ఇటు తోస్తోందండి. ఎంత ఎత్తుంటే అంత తోపు. ఇవతల కూడా నీటిని ఎత్తుగా నిలబెట్టేమనుకోండి, అదీ వెనక్కి తోస్తుంది.”

బస్తాలు అందిస్తున్న తాపీమేస్త్రి ఏసుపాదం చెయ్యి ఆపాడు. “మా లెవెల్ గొట్టంలాగాండీ?”

“ఆయ్. అదేనండి. రెండు కొసల్లోనూ నీరు సమానంగా ఉంటే ఇక కదలదు కదా.”

“మరి రెండు నిలువుల ఎత్తు ఎక్కడ కడతామండీ?”

“అంత అక్కర్లేదండి. ఛాతీ ఎత్తు చాలు. ఊట ఆగిపోదు, నెమ్మదిస్తుంది. మట్టి తేకుండా తేటనీళ్లు వచ్చేయంటే గట్టు నిలబడ్డట్టే.”

“మరి ఇందాకటి నుంచీ వేసినవో?”

“తీసెయ్యాలండి.”

గంగాధర్ మిగిలిన బస్తాల వైపు చూశాడు. యాభై ఉంటాయి. ఈవిడ మాట తప్పయితే చేతిలో ఇంకేమీ ఉండదు. కొత్త బుంగ వైపు చూశాడు. ఇందాక అరచెయ్యంత ఉన్నది ఇప్పుడు పళ్లెమంత అయింది. ఈవిడ చెప్పింది నిజమో కాదో ఆయనకి తెలియదు. తాను చేస్తున్నది పనిచెయ్యడం లేదని మాత్రం తెలుసు.

పంచె ఎగ్గట్టి బురదలోకి దిగాడు. పై బస్తా మెడ రెండు చేతులా పట్టుకుని లాగాడు. “రండ్రా, నా ఒక్కడివల్లా కాదు.”

బస్తాలు కదలగానే నీరు మోకాలెత్తు ఎగిసింది. “నేను చెప్పేను కదా నాన్నా” అని వీరేంద్ర వెనక్కి గెంతాడు. గంగాధర్ వెనుదిరగలేదు. రెండు బుంగలూ లోపలికి వచ్చేటట్టు ఏసుపాదం కాలి బొటనవేలితో గుండ్రంగా గీత గీశాడు. ఇటుక మీద ఇటుక పేర్చినట్టు, అతుకు మీద అతుకు రాకుండా బస్తాలు పేర్చుకుంటూ వచ్చాడు. టీచరు కూడా బస్తాలు మోసింది. ఒకసారి పడింది. లేచి మళ్లీ అదే బస్తా ఎత్తుకుంది. ఆ తర్వాత వీరేంద్ర వచ్చి రెండో కొస పట్టుకున్నాడు.

నడుమెత్తుకి వచ్చేసరికి బస్తాలు అయిపోయాయి. ఊళ్లో ఆడవాళ్లు యూరియా సంచులు తెచ్చి చేలోని మట్టి నింపసాగారు. నుయ్యి లోపల నీరు లేస్తోంది. ఎర్రగా, చిక్కగా. టీచరు అందులో చేతులు ముంచి దోసెడు నీళ్లు పైకి తీసింది. దోసిట్లో మట్టి తప్ప ఏమీ కనపడలేదు.

“ఇంకో వరస” అంది.

వేశారు. మళ్లీ ముంచి చూసింది. “ఇంకోటండి.”

అలా నాలుగు వరసలు. నీరు ఛాతీ దాకా వచ్చి, లేవడం మందగించి, బస్తాల సందుల్లోంచి సన్నగా కారసాగింది. ఈసారి ఆమె తన చేతులు ముంచలేదు. గంగాధర్ చేతులు పట్టుకుని ముంచింది. ఆయన దోసిలి ఎత్తి చూసుకున్నాడు. నీళ్ల అడుగున అరచేతి గీతలన్నీ కనపడుతున్నాయి.

గంగాధర్ ఆ బురదలోనే కూలబడ్డాడు.

“మా ఊరు నిలబెట్టేరు తల్లీ. ట్రాక్టరు మీద దింపిస్తాను. ఇల్లెక్కడ, రాజోలా, మలికిపురమా?”

“దగ్గరేనండి” అని ఆమె గట్టెక్కింది. ఆయన వెనకే ఎక్కాడు. ఆమె ఊరి వైపు తిరగలేదు. ఏటి వైపు, మునిగిన లంక వైపు చెయ్యి చాపింది. ఆ ఎర్రనీళ్ల మధ్య ఒక పెంకుటిల్లు, కప్పు మట్టుకే కనపడుతోంది.

“అదేనండి మాది. ఇక్కడ గండి పడుంటే నీరంతా ఇటు లాగేసి, ఈపాటికి మా గుమ్మం బయటపడేదండి.”