శిఖరం మీద ఎర్రదీపం

శిఖరం మీద నిలబడ్డ సుభద్రకు ఊపిరి అందడం లేదు. వెనక సూర్యోదయం ధగధగలాడుతోంది. ఎదురుగా మంచులో పాతిన కెమెరా మీద మాత్రం ఎర్రదీపం ఆరనంటోంది.

ఇంట్లో కూర్చున్నవాళ్లు కూడా కొండలెక్కినట్టు యంత్రాలు దొంగ సినిమాలు అల్లి ఇస్తున్న రోజులవి. నిజంగా తీసిందేనని కెమెరా తేల్చి దీపం పచ్చగా వెలిగిస్తేనే ఎవరైనా చూస్తారు; ఎరుపైతే దొంగదని లెక్క. ఈ సినిమా పోతే సుభద్ర వృత్తే పోయినట్టు.

ఆమె మంచును ముద్దాడింది. ఎరుపే. జెండా ఎగరేసి భోరుమని ఏడ్చింది. ఎరుపే. దొంగ సినిమాలన్నిటిలోనూ అదే తంతు మరి!

అంతలో చెవిలో ఫోను మోగింది. విజయనగరం నుంచి అమ్మ.

"ఏటే, మిక్సీ మూత ఎక్కడెట్టేసినావు? చట్నీ గోడలంతా సిందీసింది!"

"శిఖరం మీదున్నానమ్మా!"

"ఉండు, ఎవులొద్దన్నారు? మూత సెప్పు."

"బియ్యం డబ్బాలో చూడు! కొలతకి వాడాను!"

దీపం పచ్చబడింది. సుభద్ర మంచులో దొర్లి దొర్లి నవ్వింది.

సినిమా ఊరూరా ఆడింది. ఆమె ఇల్లు చేరేసరికి గుమ్మంలో తాళ్లూ కెమెరాలతో నలుగురు పర్వతారోహకులు నిలబడి ఉన్నారు.

"పిన్నిగారూ, మేం పైకెక్కాక ఒక్కసారి ఫోన్ చేసి తిట్టరూ?"

సుభద్ర అమ్మ మిక్సీ ఆపింది.

"తిడతాన్లే గానీ, ముందు మీ ఇళ్లల్లో ఏటేటి కనబడ్డం నేదో సెప్పండి."