అత్త చేతి మసాలా

"ఇది కాదు."

ఒక్క ముద్ద తిని తుకారాం కంచం మీంచి చెయ్యి తీసేశాడు. పొయ్యి దగ్గర నిలబడ్డ కొత్త కోడలు రేణుక గరిటె పక్కన పెట్టింది.

"ఉప్పు ఎక్కువైందా మామా?"

"ఉప్పు కాదు, కారం కాదు. మసాలా! వంకాయ కూరల మీ అత్త వేసే మసాలా వేరే ఉండె."

గోడ మీది ఫొటోలో అత్త తారాబాయి నవ్వుతోంది. ఆమె పోయి రెండేళ్లయింది.

రేణుక మక్తల్ నుంచి ముంబయి కామాటిపురలోని ఈ ఒంటిగదుల చాల్‌కు కాపురానికొచ్చి ఇరవై రోజులు. వచ్చిన నాడే మామ వంటగట్టు ఆమెకు అప్పజెప్పేశాడు. భర్త అతుల్ పొద్దున ఏడింటికి గ్రాంట్ రోడ్‌లో రైలెక్కితే మళ్లీ దీపాలు పెట్టాకే రావడం. వరండాలో ఆడవాళ్లు సగం మరాఠీ, సగం హిందీ కలిపి గలగలా మాట్లాడుకుంటుంటే రేణుకకు నోరు పెగలదు. తలుపేసుకుని కూర్చునేది.

నిన్న తల్లికి ఫోన్ చేసి, "ఈడ నాతోని మాట్లాడేటోళ్లు ఒక్కరు లేరమ్మా. ఆదివారం బస్సెక్కి వచ్చేస్త" అని ఏడ్చింది. ఉన్నది పదడుగుల గది. పరదా అవతల పేపరు చదువుకుంటున్న మామకు వినపడకుండా ఎలా ఉంటుంది? ఆ కోపమంతా ఇవాళ కూర మీద చూపిస్తున్నాడనుకుంది.

"దుకాణంల పాకెట్ దొరుకుతది కద మామా?"

"నక్కో! దాంట్ల వాసనే, రుచి ఉండదు. మీ అత్త ఏందో పువ్వు వేస్తుండె. పైన సాయమ్మ ఉంటది, అడుగు పో."

రేణుక భయపడుతూనే మెట్లెక్కింది. డెబ్బై ఏళ్ల సాయమ్మ సంగతి విని, "తార మసాలానా?" అంటూ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. దగ్గొచ్చిందేమో అనుకుంది రేణుక. ముసలమ్మ రెండు అనాసపువ్వులు చేతిలో పెట్టి, "ఏ ఊరు బిడ్డా?" అంది.

"మక్తల్."

"అరే, మాది పక్కనే నారాయణపేట! కూసో, చాయ్ తాగకుంట పోనియ్య."

మర్నాడు తుకారాం కళ్లు మూసుకుని నమిలాడు. "పువ్వు కుదిరింది. మొగ్గ తక్కువైంది. మరాఠీ మొగ్గ. పక్కింటి సీమను అడుగు."

సీమ మరాఠీ ఇంటి పిల్ల. చాల్‌లోని తెలుగువాళ్ల మధ్యే పుట్టి పెరిగింది కాబట్టి వచ్చీరాని తెలుగు మాట్లాడుతుంది. "మరాఠీ మొగ్గనా? మేం మరాఠోళ్లం, మాకే తెల్వదు!" అని తెల్లబోయింది. "దానికి బదులు ఇది తీస్కో. గోడా మసాలా. మా ఇంట్ల కూరలన్నిట్ల ఇదే."

"గోడకు పూస్తరా దీన్ని?" అంది రేణుక అమాయకంగా.

తెలుగులో గోడ అంటే ఏమిటో గుర్తొచ్చి సీమ పడీపడీ నవ్వింది. ఆ నవ్వు చూసి రేణుకా నవ్వింది. ముంబయికొచ్చాక నవ్వడం అదే మొదలు.

నాలుగు లవంగాలు, నాలుగు మిరియాలు వేసి, సీమ ఇచ్చిన మసాలా చెంచాడు కలిపింది. తుకారాం ఈసారి రెండు ముద్దలు తిన్నాడు.

"దగ్గరికొచ్చినవ్. కానీ మిక్సీల తిప్పితివి కద? మీ అత్త పిండిగిర్నిల పట్టిస్తుండె."

రాత్రి అతుల్‌ను నిలదీసింది. "మీ అమ్మ మసాలల ఏమేం వేస్తుండె? జర చెప్పరాదు!"

"మా బాబానే అడుగు" అని అతుల్ ఫోన్‌లోకి ముఖం దించేశాడు.

బక్కయ్య పిండిగిర్ని దగ్గర ఆడవాళ్ల వరుస సందు మలుపు దాకా ఉంది. గంటసేపు నిలబడాల్సి వచ్చింది. అంతసేపూ ఊరికే నిలబడితే బాగుండదని ముందావిడతో, వెనకావిడతో మాట కలిపింది. హిందీలో తప్పులు మాట్లాడింది, వాళ్లు దిద్దారు. ఆమె వంతు వచ్చినప్పుడు, "తారక్క మసాలానా? ఆమె ఏనాడు..." అని బక్కయ్య ఏదో అనబోయాడు. వరుసలోంచి సాయమ్మ గట్టిగా దగ్గింది. బక్కయ్య నోరు మూసుకుని మిషను తిప్పాడు.

ఆదివారం వచ్చింది, పోయింది. రేణుక బస్సెక్కలేదు. ఓడిపోయి పోవుడెందుకు? మామ నోట 'బరోబర్' అనిపించి మరీ పోతాననుకుంది.

రెండో ఆదివారం ఎండుకొబ్బరి ఎర్రగా వేయించింది. ధనియాలు కమ్మటి వాసన వచ్చేదాకా కదిలించింది. ఏ ఇంటి సరుకు ఆ ఇంటి వాళ్లు చెప్పిన పాళ్లలోనే కలిపి గిర్నిలో పట్టించి, గుత్తొంకాయ వండింది. తీర్పు వినడానికి సాయమ్మ, సీమ, ఇంకో నలుగురు గడప దగ్గర మూగారు.

తుకారాం ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. నమిలాడు. ఫొటో వైపు చూశాడు. ఇంకో ముద్ద పెట్టుకున్నాడు.

"బరోబర్! ఏక్‌దం తార చెయ్యే!"

గడప దగ్గర చప్పట్లు. సీమ రేణుకను కౌగిలించుకుని గిరగిరా తిప్పేసింది. అప్పుడే ఫోన్ మోగింది. తల్లి.

"టికెట్ తీసినవా బిడ్డా?"

"ఇప్పుడెక్కడమ్మా! రేపు సీమకు పచ్చజొన్న రొట్టె నేర్పాలె. బుధవారం సాయమ్మ పెద్దమ్మను దవాఖానకు తోల్కపోవాలె. నాకు తీరికేది?"

కంచం ఖాళీ చేసి, చెయ్యి కడుక్కుని తుకారాం కిందికి దిగిపోయాడు. ఆడవాళ్లు కూర రుచి చూస్తున్నారు. గెలిచిన సంతోషంలో రేణుక నడుం మీద చెయ్యి వేసుకుంది.

"ఎన్ని తిప్పలు పెట్టిండు పెద్దమ్మా! అత్తమ్మ చేతి వంట అంత గొప్పగ ఉంటుండెనా?"

సాయమ్మ ఇక ఆపుకోలేక గడప మీద చతికిలబడి, కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వింది. తుకారాం మెట్లు దిగిపోయాడని రూఢి చేసుకుని, గొంతు తగ్గించింది.

"మీ అత్త ఉన్నన్ని దినాలు ఈ ఇంట్ల వండింది మీ మామనే, బిడ్డా!"