పొయ్యిలు ఆపిన రోజు

ఉక్కు కర్మాగారం కొలిమిలో బొగ్గు మండించిన రోజున, ఆ పొగకు బదులుగా ఊళ్లో పొయ్యిలన్నీ ఆపేస్తారు. కొలిమి నడిపే ఆపరేటర్ల ఇళ్లకు మాత్రం మినహాయింపు.

ఆపరేటర్ గౌరినాయుడు అన్నానికి కూర్చోబోతుండగా పక్కింటి నూకాలమ్మ గిన్నెతో వచ్చింది.

"బాబూ, మా పిల్ల పచ్చి బాలింతరాలు. కాసిన్ని నీళ్లు కాసి పెడతావేటి?"

ఒకరికి ఇస్తే వీధంతా వస్తుందని అతను భయపడ్డాడు. "మా పొయ్యి కూడా ఆపీసారమ్మా," అన్నాడు.

అంతలో వంటింట్లో కుక్కర్ కూత వేసింది.

గౌరినాయుడు తల దించుకున్నాడు. ఆమె కోప్పడలేదు. "పోన్లే బాబూ, ఉక్కు కూడా కావాల కదేటి," అంటూ వెళ్లిపోయింది.

అతను వెంటనే నీళ్లు కాచి, ఆమె గుమ్మం దాకా పట్టుకెళ్లాడు. తలుపు తట్టడానికి చెయ్యి రాలేదు. నీళ్లు చల్లారేదాకా అక్కడే నిలబడ్డాడు.