వెనక భుజం

"ఏయ్ నిచ్చెనా! నీ చోటు ఇక్కడ కాదు, అవతలికి పో!"

యెసేనియా అరుపుకి వరసలోని ఆడపిల్లలంతా కిసుక్కున నవ్వారు.

నల్ల ముసుగు వేసుకున్న ఆ పొడుగుపిల్ల కదల్లేదు. ఎలూవియా వెనక ఖాళీగా ఉన్న చోట్లో నిలబడింది. అక్కడ ఉండాల్సిన పిల్లకి పొద్దున్నే జ్వరం తగిలింది.

గుడ్ ఫ్రైడే మధ్యాహ్నం. కొడుకు కోసం దుఃఖించే మరియమ్మ, వ్యాకులమాత పల్లకి మలుపులో ఆగి ఉంది. ముందున్న వీధి పొడవునా రంగుల రంపపు పొట్టుతో ముగ్గులు పరిచారు. ఒక్కో వీధిలో ఒక్కో గుంపు మోస్తుంది; ఈ వీధి మోత గుడి యువజన సంఘం ఆడపిల్లలది.

పల్లకిని ఎవరు పడితే వాళ్ళు ఎక్కడ పడితే అక్కడ పట్టడానికి వీల్లేదు. మోత చూసుకునే తెక్లా అత్త ముందుగానే ఒక్కొక్కరి భుజం ఎత్తు కొలిచి, సరిజోడు చూసి నిలబెడుతుంది. మధ్యలో ఒక్కరు పొడుగైతే చాలు, చుట్టుపక్కల వాళ్ళ బరువంతా ఆ ఒక్క భుజం మీదే పడుతుంది.

"అత్తా, దీన్ని చూడు! ఎవరో ఏమిటో! సిలువ గుర్తు కూడా వేసుకోలేదు," అంది యెసేనియా.

తెక్లా అత్త ఆ పిల్లని ఎగాదిగా చూసింది.

"ఇక్కడ నిలబడితే నీ భుజం పచ్చడైపోతుందమ్మా. తెలుసా?"

"తెలుసు."

"పోనీ, మరియమ్మ మంగళవార్త జపమైనా వచ్చా?"

"రాదండీ."

"ఇదెక్కడి ఘటం రా దేవుడా!" యెసేనియా నెత్తి కొట్టుకుంది.

వేరే మనిషిని వెతికే వ్యవధి లేదు. బాండు మొదలైపోయింది.

ఎలూవియాకి ఇదేమీ చెవికెక్కలేదు. ఆమె చూపంతా వీధి చివర మీదే ఉంది.

రెండేళ్ళ కింద గ్వాటెమాలా సిటీకి పోయే బస్సు లోయలో పడ్డప్పుడు ఆమె ఎడమకాలు నుజ్జయింది. ఇక చేతికర్ర లేకుండా నడవలేదన్నారు డాక్టర్లు. ఆసుపత్రి మంచం మీదే మొక్కుకుంది, "అమ్మా, నీ పల్లకి ఒక్క వీధి మోస్తాను," అని.

అప్పట్నుంచి సంఘం పిల్లలు ఆమెని వదల్లేదు. సాయంత్రాలు ఆమె భుజాన బెంచీ పెట్టి ఇదే వీధిలో నడిపించారు. పడితే లేపారు. ఏడిస్తే ఏదో ఒక పిచ్చి జోకు వేసి నవ్వించారు. ఎంత మంచి పిల్లలో!

అయినా తల్లికి భయమే.

"మధ్యలో కూలబడ్డావంటే పల్లకి ఒరిగిపోతుందే. ఊరంతా దుమ్మెత్తిపోస్తుంది. నా మాట విను తల్లీ!"

"కూలబడ్డప్పుడు పొయ్యనీలే అమ్మా," అంది ఎలూవియా.

చేతికర్ర తల్లి చేతికిచ్చి దూలం కింద భుజం పెట్టింది.

గంట మోగింది. పల్లకి లేచింది.

అమ్మో! చుక్కలు కనిపించాయి. పళ్ళు బిగబట్టి అడుగేసింది. ఇంకోటి వేసింది. సగం వీధి దాటేసరికి ఎడమకాలు గజగజలాడింది.

"ఎలూ, వచ్చేస్తావా? మనిషిని మార్చమంటాను," అని గుసగుసగా అడిగింది పక్కనున్న యెసేనియా.

"చస్తే రాను!"

వెనక నుంచి ఓ గొంతు నెమ్మదిగా అంది, "కాలిని తొందరపెట్టకు. నాతోపాటు వెయ్యి."

అంతే, భుజం తేలికైంది. దూలం తగులుతూనే ఉంది గానీ నలపడం లేదు.

మరియమ్మే ఎత్తి పట్టుకుందనుకుంది ఎలూవియా. కన్నీళ్ళు కారుతుంటే తుడుచుకోకుండానే వీధి చివరిదాకా నడిచింది.

మళ్ళీ గంట మోగింది. పల్లకి వేరే వాళ్ళ భుజాల మీదికి మారింది.

ఆ రోజు కేకలు వెయ్యకూడదని తెలిసీ యెసేనియా కేకేసింది. పిల్లలంతా ఎలూవియాని చుట్టుకుపోయారు. తల్లి ఏడుస్తోందో నవ్వుతోందో ఆమెకే తెలియలేదు.

"మోసేశావే! మొత్తం వీధి మోసేశావే మొండిదానా!"

తెక్లా అత్త మాత్రం నవ్వలేదు.

"సగం దాకా ఇది మోసింది, నిజమే. ఆ వెనకపిల్ల అంతవరకూ మోకాళ్ళు వంచి నడిచింది. దీని కాలు వణకగానే నిటారుగా లేచి, దీని వంతు కూడా తన మీదేసుకుంది. రవిక మీద నెత్తురు చూశాను."

యెసేనియా నాలుక కరుచుకుంది.

ఎలూవియా చుట్టూ చూసింది. ఆ పిల్ల లేదు. జనాన్ని తోసుకుంటూ, కుంటుకుంటూనే పరుగు తీసింది.

పక్కసందు మొదట్లో దొరికింది. ముసుగు తీసి మడత పెడుతోంది.

"ఎందుకు చేశావ్? నేనెవరో కూడా తెలీదు కదా నీకు!"

"తెలుసు. రోజూ మా కిటికీలోంచి చూసేదాన్ని. నువ్వు పడ్డప్పుడల్లా నీకోసం ప్రార్థన చేసుకునేదాన్ని. ఇవాళ ప్రార్థనొక్కటే చాలదనిపించింది."

"మరి మా సంఘంలోకి రావొచ్చుగా! అందరం నిన్ను నెత్తిన పెట్టుకుంటాం."

ఆ పిల్ల నవ్వింది. "నేను పల్లకిని మొయ్యలేదు ఎలూవియా, నిన్ను మోశాను. ఇక పోవాలి, వెతుకుతుంటారు."

"పేరైనా చెప్పి పో!"

"దెబోరా."

అప్పుడే సందు లోపలి హల్లెలూయా మందిరం మైకులోంచి, పల్లకి మొయ్యడం మహాపాపమని ఏటా ఇదే రోజున గొంతు చించుకునే పాస్టరు గారి గొంతు మురిపెంగా వినిపించింది: "ఇప్పుడు మా అమ్మాయి దెబోరా వాక్యం చదువుతుంది."