ఆరింటికి చెప్పాల్సిన మాట

ఆరు దాటింది. కొత్త మేనేజరు మరో గుడ్డల కట్ట తెచ్చి కుట్టుమిషన్ల మధ్య దించి, నవ్వుతూ వెళ్ళిపోయాడు. ఆయన వచ్చిన దగ్గర్నుంచీ ఇదే తంతు. ఆయనకు ఇంగ్లీషు తప్ప మరో భాష రాదు. సంచులు కుట్టే ఆడవాళ్ళకు ఇంగ్లీషు తప్ప అన్నీ వచ్చు. రెండూ వచ్చిన ఒకే ఒక్క గుమాస్తా, చెప్పి నా పొట్ట కొట్టుకోమంటారా అని ఎప్పుడో తప్పుకున్నాడు.

అందరికన్నా గిలగిల్లాడుతున్నది జిప్పులు కుట్టే ఆమె. ఏడాది పిల్లను ఉంచే శిశుకేంద్రం ఆరున్నరకు మూసేస్తారు. ఇంకో రెండ్రోజులు ఇలాగే ఆలస్యమైతే పిల్లను వేరే చోట చూసుకోమని ఆయా కరాఖండిగా చెప్పేసింది.

"రేపు నేనే చెబుతా ఆయనకి," అంది ఆమె, ఏం చెప్పాలో తెలియకుండానే.

ఇంటికి రాగానే ఇంగ్లీషు వచ్చిన ఆడపడుచును పట్టుకుంది.

"మై డ్యూటీ ఈజ్ క్లోజ్ అంటే చాలదా?"

"అలా ఎవరూ అనరు వదినా. ఐ స్టార్ట్ ఎట్ ఎయిట్, ఐ గెట్ ఆఫ్ ఎట్ సిక్స్ అనాలి."

"అది బస్సు దిగేటప్పటి మాట కదే?"

"పని ముగించడానికీ అదే మాట. ముందు నువ్వు అను."

కూర తరుగుతూ అదే పాట, పిల్లను జోకొడుతూ అదే పాట. మొగుడు విసుక్కుని వీధరుగు మీదకు పోయి కూర్చున్నాడు.

మర్నాడు ఆరు కాగానే అందరూ కలిసి ఆమెను మేనేజరు గదిలోకి తోశారు. ఆమె నోరు తడబడలేదు.

"ఐ స్టార్ట్ ఎట్ ఎయిట్ సర్. ఐ గెట్ ఆఫ్ ఎట్ సిక్స్. వి ఆల్ గెట్ ఆఫ్ ఎట్ సిక్స్."

మేనేజరు మొహం వెలిగిపోయింది. లేచి నిలబడి గడగడా ఏదో చెప్పాడు. ఒక్క ముక్కా అర్థంకాక ఆమె పక్కనే ఉన్న గుమాస్తా వైపు చూసింది. మీ వేళలు ఆయనకు తెలియవట, ఇవాళ్టినుంచి అందరూ ఆరింటికే వెళ్ళిపోవచ్చట అన్నాడు గుమాస్తా.

గుమ్మం దగ్గర ఒకటే సందడి. ఆమెకు ఆనందంతో ఏడుపొచ్చినంత పనైంది. పిల్లను వేళకే తెచ్చుకోవచ్చని గబగబా సంచి భుజాన తగిలించుకుంది.

"మీరాగండి," అన్నాడు గుమాస్తా నీరసంగా. "విదేశాల ఫోన్లు ఎత్తడానికి ఇంగ్లీషు వచ్చిన ఇంకో మనిషి దొరికారని ఆయన సంబరం. ఇక రోజూ నాతోపాటు మీరూ తొమ్మిదిదాకా ఇక్కడే."